నరకం, పరలోకం, పుణ్యభూములు: ఈ పుస్తకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది చెన్నైలో, తండయార్‌పేటలో. నాన్నగారు పోయాక ఆయన బీరువాలోని పుస్తకాలు నాకు వచ్చాయి. సగానికి సగం పురాణాలు, క్షేత్ర మాహాత్మ్యాలు, యాత్రా చరిత్రలు. వాటిని చదువుతూ, ఇంకొన్ని కొని చేరుస్తూ పన్నెండేళ్లు గడిచాయి. చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరింట్లో చావు జరిగినా, ఎవరు కాశీకి టికెట్లు బుక్ చేసుకున్నా నాకు ఫోన్ వస్తుంది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతారు. వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

గరుడ పురాణం ఇంట్లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. నాకొచ్చే ఫోన్లలో సగం దీని గురించే. "చావింట్లో తప్ప చదవకూడదట కదా, ఇంట్లో ఉంటేనే కీడట కదా" అని గొంతు తగ్గించి అడుగుతారు.

మా ఇంట్లోనూ అదే భయం ఉండేది. నాన్నగారి ప్రతి అటక మీద, పాత పంచె ముక్కలో చుట్టి ఉండేది. అమ్మ దాన్ని దేవుడి గదిలోకి రానిచ్చేది కాదు. నేను మొదటిసారి దించి విప్పినప్పుడు అట్ట లోపలి వైపు పెన్సిలుతో రెండు తేదీలు కనిపించాయి. ఒకటి తాతగారు పోయిన రోజు, రెండోది నాయనమ్మ పోయిన రోజు. అన్నేళ్లలో ఆ పుస్తకం కిందికి దిగింది రెండే సార్లు. ఏడుస్తూ ఉన్నప్పుడు మాత్రమే వినే పుస్తకానికి ఆ ఏడుపు అంటుకుపోతుంది. భయం అక్కడ పుట్టిందే తప్ప, ఇంట్లో ఉంచుకోకూడదన్న మాట నేను చదివిన ప్రతుల్లో ఎక్కడా లేదు.

ఇది 18 మహాపురాణాల్లో ఒకటి. విష్ణువు గరుత్మంతుడికి చెప్పింది. పూర్వఖండంలో రత్నాల పరీక్ష ఉంది, వైద్యం ఉంది, వ్యాకరణం ఉంది, పూజావిధులు ఉన్నాయి. ముత్యం మంచిదో కాదో చూడటం ఎలాగో చెప్పే పుస్తకాన్ని మనం చావుపుస్తకం అని అటకెక్కించాం. చావు తర్వాతి సంగతులు చెప్పేది ప్రేతఖండం ఒక్కటే.

బజార్లో గరుడ పురాణం పేరుతో దొరికే సన్నటి పుస్తకం చాలాసార్లు అసలు పురాణం కాదు. నవనిధిరాముడనే పండితుడు కూర్చిన సారోద్ధారం. అందులో 16 అధ్యాయాలు. మొదటి నాలుగింటిలోనే యమమార్గం, యాతనలు, పాపాల చిట్టా వచ్చేస్తాయి. చాలామంది అక్కడే భయపడి మూసేస్తారు. చివరి అధ్యాయం మోక్షం గురించి, అది ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. భయమేసేవాళ్లు ఆ 16వ అధ్యాయం ముందు చదివి, తర్వాత వెనక్కి రండి. నేను అలాగే చదివాను.

యమలోకం చేరడానికి ఏడాది పడుతుందంటారు. ఆ లెక్క ఎక్కడిది?

సారోద్ధారంలోదే. యమమార్గం 86,000 యోజనాలు. జీవుడు రాత్రింబవళ్లు కలిపి రోజుకు 247 యోజనాలు నడుస్తాడు. భాగించి చూడండి, 348 రోజులు వస్తుంది. దారిలో 16 ఊళ్లు. నెలనెలా ఇక్కడ పెట్టే మాసికం అక్కడ ఆ దారిలో అందుతుందని నమ్మకం. ఏడాదికి సంవత్సరీకంతో ప్రయాణం ముగుస్తుంది.

మొదటి పది రోజుల పిండాలకూ ఇలాంటి లెక్కే ఉంది. మొదటి రోజు పిండంతో తల, రెండో రోజు మెడ, భుజాలు, ఇలా ఒక్కో రోజు ఒక్కో భాగంగా ప్రయాణానికి కావలసిన శరీరం తయారవుతుంది. పదో రోజుకు ఆకలి దప్పులు పుడతాయి.

దీన్ని భూగోళంలా చదివితే మనకేమీ దక్కదు. నాన్నగారు పోయినప్పుడు ఆ పది రోజులూ పొద్దున లేవగానే చేయాల్సిన పని ఒకటి ఉండటం నాకెంత ఆసరా అయిందో నాకు తెలుసు. ఇవాళ మెడ, ఇవాళ గుండె అనుకుంటూ చేశాను. మనిషి ఒక్కసారిగా మాయమైపోలేదు, రోజుకింత చొప్పున సాగనంపాం. ఈ లెక్క వేసినవాడికి చావింటి సంగతి బాగా తెలుసు అనిపించింది.

గోదానం చేయకపోతే వైతరణి దాటలేరా?

ఈ ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దదే.

మూడేళ్ల కిందట మా వీధిలో ఒక పెద్దాయన పోయారు. జీవితమంతా చుట్టుపక్కల పిల్లలకు డబ్బు తీసుకోకుండా లెక్కలు చెప్పినాయన. పెద్దకర్మకు ముందు ఇంట్లో పురాణం చదివించారు. చదవడానికి వచ్చినాయన యమమార్గంలోని నది వైతరణి దగ్గర ఆగాడు. నెత్తురు, చీము, మొసళ్లు, ఒడ్డున ఎముకల గుట్టలు అన్నీ వర్ణించి, పుస్తకం మీంచి తలెత్తి, పోయినాయన భార్యతో, "గోదానం జరగకపోతే మీ ఆయన ఆ ఒడ్డునే నిలబడి ఏడుస్తుంటాడమ్మా" అన్నాడు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చెవికున్న దుద్దు తడుముకుంటూ కొడుకు వైపు తిరిగి, "ఎంతవుతుందిరా?" అని మెల్లగా అడిగింది. నేను అక్కడే చాప మీద ఉన్నాను. ఆ గొంతు ఇంకా వినిపిస్తుంది.

ఆ రోజు చదవనిది ఏమిటో చెబుతాను. అదే పుస్తకంలో 14వ అధ్యాయం ఉంది. యముడి పట్టణానికి నాలుగు ద్వారాలు. వైతరణి ఉన్న దారి దక్షిణ ద్వారానిది, అది పాపులు పోయే దారి. మంచిగా బతికినవాళ్లు మిగిలిన మూడు ద్వారాల గుండా వెళతారు. వాళ్లకు యముడు లేచి ఎదురువచ్చి స్వాగతం చెబుతాడు. పిల్లలకు చదువు చెప్పిన మనిషి ఇంట్లో కూర్చుని ఒక్క దక్షిణ ద్వారం గురించే చదివి లేచి వెళ్లిపోవడం అన్యాయం.

దానం మంచిదే. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు చేసుకునేది. అప్పు చేసి, దుద్దులు తాకట్టు పెట్టి చేయాల్సిన పని కాదు. ఎవరైనా మీ ఇంట్లో ఇలా భయపెడితే, 14వ అధ్యాయం కూడా చదవండి అని గౌరవంగా, గట్టిగా అడగండి. ఆ మర్నాడు నేనే వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని చదివాను. యముడు లేచి నిలబడే చోటు రెండోసారి చదవమంది.

నరకాలు మొత్తం ఎన్ని?

పుస్తకాన్ని బట్టి ఉంటుంది. మనుస్మృతిలో 21. భాగవతంలో 21కి మరో 7 కలిపి 28. మన తెలుగు భాగవతంలో ఇది పంచమ స్కంధంలో వస్తుంది. చాలామంది ఇది పోతన రాశాడనుకుంటారు. ఈ స్కంధం తెలుగు చేసింది బొప్పరాజు గంగన. అజామిళుడి కథ ఉన్న ఆరో స్కంధం ఏర్చూరి సింగన చేశాడు.

రౌరవం, కుంభీపాకం అనే పేర్లు మనకు మాటల్లోనే ఉన్నాయి. బతికున్న పశుపక్ష్యాదుల్ని వండినవాళ్లకు కుంభీపాకం, అంటే మరిగే నూనె. ప్రాణుల్ని హింసించి సంసారం సాకినవాళ్లకు రౌరవం. అక్కడ ఆ ప్రాణులే రురువులనే క్రూర జంతువులై ఎదురవుతాయి. ఇవి ఎలాగూ తెలిసినవే. నన్ను ఆపేసినవి వేరే ఉన్నాయి.

సూకరముఖం చూడండి. తప్పు చేయనివాణ్ణి శిక్షించిన రాజుకు, రాజోద్యోగికి ఈ నరకం. అక్కడ వాళ్లను చెరకుగడను ఆడించినట్టు ఆడిస్తారని ఉంది. మా వీధి చివర చెరకురసం బండి ఉంది. గడను ఒకసారి పెట్టి, పిప్పిని మడిచి మళ్లీ పెట్టి, నిమ్మచెక్క ఇరికించి మూడోసారి తిప్పుతాడు. ఆ చప్పుడు వింటూ ఈ వాక్యం గుర్తుచేసుకుంటే రాసినవాడి కోపం ఎంతటిదో తెలుస్తుంది. ఏదో ఆఫీసులో కాగితం కోసం ఏ తప్పూ లేకుండా నెలల తరబడి తిరిగినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

ఎవరికీ పెట్టకుండా తానొక్కడే తిన్నవాడికి కృమిభోజనం. ఇంటికొచ్చిన అతిథిని కాల్చేసేలా చూసినవాడికి పర్యావర్తనం, అక్కడ గద్దలు కళ్లు పొడుస్తాయి. డబ్బు కూడబెట్టి అందర్నీ అనుమానంగా చూసేవాడికి సూచీముఖం. యమభటులు సాలెవాళ్లలా వాడి ఒళ్లంతా దారంతో కుడతారు. సాక్ష్యంలోనో వ్యాపారంలోనో అబద్ధమాడినవాణ్ణి కొండ మీంచి తలకిందులుగా తోసేస్తారు. కింద నీళ్లలా కనిపించేది నీళ్లు కాదు, బండ. ఇళ్లు తగలబెట్టి, విషం పెట్టి, ఊళ్లు దోచినవాళ్లకు 720 కుక్కలు.

ఈ చిట్టా అంతా చదివాక నాకు మిగిలింది భయం కాదు. అన్నం దాచుకున్నవాడు, అతిథి మీద కళ్లెర్రజేసినవాడు, దొంగసాక్ష్యం చెప్పినవాడు. ప్రతి నరకం వెనకా దెబ్బతిన్న ఒక మనిషి ఉన్నాడు. వాడి తరఫున ఎవరో కేసు రాసిపెట్టారు.

ఈ పుస్తకాల్లో కులం, ఆడవాళ్ల గురించి అభ్యంతరకరమైన మాటలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. కొన్ని శిక్షలు కులాన్ని బట్టి మారతాయి, కొన్ని మాటలు ఆడవాళ్ల మీద అనుమానంతో రాసినట్టున్నాయి. నేను వాటిని దాచను, సమర్థించను. ఇంట్లో గట్టిగా చదివేటప్పుడు అవి వస్తే, ఇది తప్పు అని అక్కడే చెబుతాను. పిల్లలు వింటుంటే మరీ తప్పదు.

మన నరకం శాశ్వతమా?

కాదు. ఎంత ఘోరమైనదైనా కర్మ తీరేదాకానే. తర్వాత మళ్లీ పుట్టుక. స్వర్గమూ అంతే, పుణ్యం ఖర్చయ్యేదాకానే.

నరకం గురించి ఒక్కటే చదవాలంటే ఏది?

ఒక్కటే అంటే మహాభారతంలో చివరిదైన స్వర్గారోహణ పర్వం. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన ముగించింది దీంతోనే. చిన్న పర్వం, ఒక్క పూటలో అయిపోతుంది.

ధర్మరాజు స్వర్గానికి వెళితే అక్కడ సింహాసనం మీద దుర్యోధనుడు ఉంటాడు. తమ్ముళ్లు కనిపించరు. వాళ్లున్న చోటికి తీసుకెళ్లమంటే దేవదూత ఒక చీకటి దారిలో నడిపిస్తాడు. కంపు, నెత్తురు, ముసురుకునే ఈగలు. ఇక భరించలేక వెనక్కి తిరగబోతే నాలుగు వైపుల నుంచీ గొంతులు, ఒక్క క్షణం ఆగమని, నీ మీంచి వచ్చే గాలి మాకు హాయిగా ఉందని. ఎవరు మీరంటే ఒక్కొక్కరే పేర్లు చెబుతారు. నేను కర్ణుణ్ణి. నేను భీముణ్ణి. నేను ద్రౌపదిని. అప్పుడు ధర్మరాజు దూతతో, నువ్వు వెళ్లు, నేను ఇక్కడే ఉంటాను, నేనుంటే వీళ్లకు సుఖంగా ఉంది అంటాడు. ఆ తర్వాత ఆ నరకం మాయమవుతుంది. అశ్వత్థామ పేరు మీద ఆడిన ఆ సగం అబద్ధానికి ఆయన చూడాల్సి వచ్చిన నరకం అది.

ఇలాంటిదే ఇంకొకటి మార్కండేయ పురాణంలో ఉంది. దాన్ని కాకతీయుల కాలంలో మారన తెలుగు చేసి గన్న సేనానికి అంకితమిచ్చాడు. విపశ్చిత్తు అనే రాజును చిన్న దోషానికి కాసేపు నరకం చూపించి తిరిగి తీసుకెళ్లబోతారు. అక్కడ కూడా అదే గాలి, అదే వేడుకోలు. ఈ రాజు కదలనంటాడు. బాధపడేవాళ్లకు ఊరట ఇవ్వడంలో ఉన్న సుఖం స్వర్గంలో కూడా లేదంటాడు. ఇంద్రుడు వచ్చి పిలిచినా తన పుణ్యమంతా వాళ్లకు ధారపోసి, వాళ్లు విడుదలయ్యాకే వెళతాడు.

ఈ రెండు కథలూ చదివాక నరకం పుస్తకాలు నాకు వేరేగా కనిపించడం మొదలైంది. చావింట్లో చదవమని అడిగితే ఈ రెండింట్లో ఒకటి తప్పకుండా చదువుతాను. చివరి రోజుల్లో ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, వాసన భరిస్తూ, చేయి పట్టుకుని ఉన్నవాళ్లు ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ధర్మరాజు అక్కడే ఉంటానన్న చోటుకి వచ్చేసరికి వాళ్లు తలెత్తి చూస్తారు.

పిల్లలకు ఏం చదివి వినిపించాలి?

నచికేతుడి కథ. తండ్రి కోపంలో అన్న మాటకు యముడింటికి వెళ్లిన కుర్రాడు. యముడు ఇంట్లో లేకపోతే మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఎదురుచూస్తాడు. వచ్చాక యముడు నొచ్చుకుంటాడు, ఇంటికొచ్చిన అతిథిని పస్తుంచినందుకు రాత్రికొకటి చొప్పున మూడు వరాలిస్తాడు. అతిథిని ఎర్రగా చూస్తే నరకమని పైన చెప్పాను కదా, ఆ నరకానికి యజమాని అయినవాడే ఇక్కడ అతిథికి క్షమాపణ చెబుతున్నాడు. పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. మూలం కఠోపనిషత్తు. తెలుగులో దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానం అని కావ్యమే రాశాడు, అయితే అందులో నరక వర్ణనలు బాగా ఉంటాయి, చిన్నపిల్లలకు వద్దు.

ఇతర మతాల పుస్తకాలు కూడా చదవాలా?

చదవండి. ఇటలీ కవి దాంతే 1321లో పోయాడు. ఆయన మహాకావ్యం మూడు భాగాలు, 100 సర్గలు. మొదటి భాగమే నరకం, తొమ్మిది వలయాలు. అట్టడుగున నిప్పు కాదు, గడ్డకట్టిన సరస్సు. నమ్మినవాళ్లను మోసగించినవాళ్లు ఆ మంచులో కూరుకుపోయి ఉంటారు. లంచం తిన్న అధికారులు మరిగే తారులో ఉంటారు. సూకరముఖం చదివినవాళ్లు ఆ చోటు రాగానే గుర్తుపడతారు. తేడా ఒక్కటే, దాంతే నరకం నుంచి విడుదల లేదు.

ఈజిప్టువాళ్ల మృతుల గ్రంథంలో చచ్చినవాడి గుండెను తక్కెడలో ఒకవైపు, సత్యదేవత ఈకను మరోవైపు పెట్టి తూస్తారు. ఫలానా తప్పు చేయలేదు, ఫలానా తప్పు చేయలేదు అని 42 మాటలు చెప్పాలి. టిబెట్ వాళ్ల బార్దో థోడోల్ పద్ధతి ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. పోయిన మనిషికే చదివి వినిపించే పుస్తకం అది, భయపడకు, కనిపించేవన్నీ నీ మనసువే అని 49 రోజుల దారి చెబుతుంది. ఇంగ్లిషులో మొదట 1927లో వచ్చింది.

మా వీధిలో క్రైస్తవ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తెలుగు బైబిల్లో పాతాళం, నరకం అని రెండు మాటలున్నాయేమని అడుగుతుంటారు. పాతాళం అని అనువదించింది, చచ్చినవాళ్లంతా చేరే చోటుకు హీబ్రూలో ఉన్న మాటను. నరకం అన్నది గెహెన్నాను, ఆ పేరు యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ నుంచి వచ్చింది. ఖురాన్‌లో నరకానికి ఏడు ద్వారాలు. వీటన్నిటినీ మనదే గొప్ప అని పోల్చడానికి చదివితే ఏమీ మిగలదు.

చచ్చి బతికినవాళ్ల అనుభవాల పుస్తకాలు నమ్మవచ్చా?

రేమండ్ మూడీ అనే అమెరికా డాక్టరు 1975లో రాసిన పుస్తకంతో ఇవి జనంలోకి వచ్చాయి. చీకటి సొరంగం, చివర వెలుగు, పోయిన బంధువులు కనిపించడం. చూసినవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్ల అనుభవం అది, పూర్తిగా పోయినవాళ్లది కాదు. అంతవరకే తీసుకుంటాను.

పుణ్యక్షేత్రాల గురించి మంచి పుస్తకం చెప్పండి

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. చెన్నైలో ఉండే తెలుగువాళ్లు ఇది చదవకుండా ఉండకూడదు. ఆయన మనవాడు, ఈ ఊరివాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18, మంగళవారం రాత్రి 9 గంటలకు తండయారువీడులోని తన తోట నుంచి బయల్దేరి మాధవరం చేరానని పుస్తకం మొదలవుతుంది. ఆ తండయారువీడే మా తండయార్‌పేట.

అది చదివిన వారం నేను ఇక్కడి నుంచి మాధవరం బస్సెక్కాను. లారీలు, మెట్రో పనుల దుమ్ము, టీ కొట్లు. కిటికీ పక్కన కూర్చుని, ఈ దారినే పల్లకీలో ఆ రాత్రి వెళ్లారు కదా అనుకుంటుంటే ఒళ్లు జలదరించింది. వెంట వందమంది దాకా ఉన్నారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ. తర్వాత గయ, కలకత్తా, పూరీ, అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డు జిల్లాల గుండా తిరిగి రాక. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనుకునే రోజులవి.

నాకు ఆ పుస్తకంలో నచ్చేది, ఆయన పుణ్యం గురించి ఊదరగొట్టడు. ప్రతి మజిలీలో నీళ్లు బాగున్నాయా, బావి ఉందా చెరువుందా, అంగళ్లలో ఏం దొరుకుతాయి, దారి రాళ్లా ఇసుకా, దిగడానికి చోటుందా, ఇవి రాస్తాడు. వెనక వచ్చేవాళ్లు ఇబ్బంది పడకూడదని ఆయన తపన. అనుభవించినవన్నీ ఎప్పటికప్పుడు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపేవారు. వీరాస్వామయ్య 1836లో పోయారు. రెండేళ్ల తర్వాత 1838లో ఆ పిళ్లెగారే దీన్ని అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు మంచి వివరాలతో మళ్లీ ప్రచురించారు. దొరికితే ఆ ప్రతే కొనండి.

శ్రీనాథుడి కాశీఖండం చదవగలమా?

వ్యాఖ్యానం ఉన్నది తీసుకుంటే చదవగలరు. "కాశీఖండం అయఃపిండం" అని పెద్దలే అన్నారు, ఇనుపముద్ద అన్నమాట. ఏడు ఆశ్వాసాలు. మొదటి నుంచి కాకుండా చివరి ఆశ్వాసంలో వ్యాసుడి కథ పట్టుకోండి. కాశీలో ఆయనకు భిక్ష దొరకదు. ఆకలి, కోపం. వ్యాసుడంతటివాడు కాశీనే శపించబోతాడు. అప్పుడు ఒక ముత్తైదువ వాకిట్లోకి వచ్చి పిలిచి, మందలించి, శిష్యులతో సహా అన్నం పెడుతుంది. ఆమె అన్నపూర్ణ. ఆ తర్వాత శివుడు ఆయన్ను కాశీ వదిలిపొమ్మంటాడు. అక్కణ్ణుంచి వ్యాసుడు మన దాక్షారామం వస్తాడు, ఆ కథ భీమేశ్వర పురాణంలో ఉంటుంది. రెండూ కలిపి చదివితే కాశీకి, గోదావరి జిల్లాకు మధ్య దారి కనిపిస్తుంది.

కైలాస మానస సరోవరాల గురించి?

స్వామి ప్రణవానంద రాసినవి. ఈయన తెలుగువాడు, పూర్వాశ్రమంలో కనకదండి వేంకట సోమయాజులు. భక్తితో వెళ్లి, కొలతలు కూడా తీసుకున్నారు. ఏడాది పాటు మానస సరోవరం ఒడ్డున మఠంలో ఉండి చలికాలంలో సరస్సు ఎలా గడ్డకడుతుందో రాశారు. ఇంగ్లిషులో కైలాస మానస సరోవరాల మీద ఆయన పుస్తకం 1949లో వచ్చింది. 1976లో పద్మశ్రీ ఇచ్చారు. యాత్రకు వెళ్లే ముందు ఇది చదివినవాళ్లకు 6,638 మీటర్ల ఆ కొండ చుట్టూ నడిచేటప్పుడు ఏం చూస్తున్నామో తెలుస్తుంది.

చెన్నైలో ఇవి ఎక్కడ దొరుకుతాయి?

చదవడానికైతే ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ. 1896లో తెరిచారు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి రావాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి, తెలుగువీ వస్తాయి. టిబెట్, ఈజిప్టు, బౌద్ధం పుస్తకాలకు అడయారు లైబ్రరీ. తాళపత్రాలు చూడాలనుకుంటే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం, బ్రౌన్ దొర సేకరించిన తెలుగు ప్రతులు అందులోనే ఉన్నాయి.

కొనడానికైతే టీ.నగర్ వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వాళ్ల గుడి దగ్గర అడగండి, గోరఖ్‌పూర్ గీతాప్రెస్ తెలుగు పుస్తకాలు కూడా చవకగా వస్తాయి. పాత పుస్తకాలకు మూర్ మార్కెట్ ఉండేది, 1985లో కాలిపోయింది. ఆ అంగళ్లవాళ్లు ఇప్పుడు సెంట్రల్ స్టేషన్ పక్కన అల్లికుళం కాంప్లెక్సులో ఉన్నారు. తెలుగు పుస్తకాలు కట్టల అడుగున ఉంటాయి. ఓపిగ్గా తీయించుకోవాలి. పాతకాలపు ప్రచురణకర్తలు వావిళ్లవారి ప్రతి కనిపిస్తే బేరమాడుతూ వదులుకోకండి.

మా పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఏం చేయాలి?

ఇది ఈ ఊళ్లో ప్రతి ఇంటి బాధ. మాట్లాడతారు, లిపి రాదు. మీరు చదవండి, వాళ్లు వింటారు. పురాణాలు ఎప్పుడూ అలాగే బతికాయి. మా అబ్బాయి ధర్మరాజు స్వర్గానికి వెళ్లే కథ విన్నాక, ఆయన వెంట నడిచిన కుక్క ఏమైందో తనే చూసుకోవాలని అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

పాత పుస్తకాలు బైండింగు చేయించవచ్చా?

చేయించండి, కానీ పక్కన నిలబడి. నాన్నగారి కాశీఖండం నేను ఒకచోట బైండింగుకిచ్చి వచ్చేశాను. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కట్టరు కింద పెట్టి సమంగా కోసేశారు. ఆ అంచుల్లోనే నాన్నగారు కఠినమైన మాటలకు పెన్సిలుతో అర్థాలు రాసుకున్నారు. ఇప్పుడు ప్రతి పేజీలో సగం మాటే ఉంది. "అన్నపూ" దగ్గర ఆగిపోతుంది. అతని తప్పు అనలేను, చెప్పకపోవడం నా తప్పు. అందుకే ముందే చెప్పండి, అంచు కోయొద్దని, మైదా జిగురులో మైలుతుత్తం కలపమని. ఇంట్లో బీరువా గోడకు ఆనించకండి, సముద్రపు తేమకు బూజు పడుతుంది. వస కొమ్ములు రెండేసి అరల్లో వేస్తే పురుగు రాదు. డిసెంబరు వానలకు ముందు కింది అర ఖాళీ చేసుకోండి.

మీ దగ్గరున్న పుస్తకాలు అరువిస్తారా?

ఇస్తాను. ఒక నోటుబుక్కులో పేరు, తేదీ రాసుకుంటాను. కాశీయాత్ర ఎన్నాళ్లయినా ఉంచుకోండి. గరుడ పురాణం మాత్రం రెండు వారాలు దాటితే నేనే ఫోన్ చేస్తాను, అప్పటికి ఇంకో ఇంట్లో అడిగి ఉంటారు.